పెయింటింగ్ నుంచి కాన్సెప్చువల్ ఆర్ట్ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా డాబా మీద ఆదివారం పూట బొమ్మలు నేర్పుతాను. అంతకుముందు పద్నాలుగేళ్ళు దుకాణాలకి బోర్డులు రాశాను, గోడల మీద ప్రకటనలు రాశాను. ఈ మధ్య తరగతిలో బొమ్మలతో పాటు కాన్సెప్చువల్ ఆర్ట్ గురించి కూడా మాట్లాడుకుంటున్నాం. అప్పటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. పిల్లలు అడిగేవి, వాళ్ళని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు మెట్ల దగ్గర ఆగి అడిగేవి, విజయనగరం నుంచి బస్సెక్కి వచ్చే కుర్ర ఆర్టిస్టులు అడిగేవి. ఎక్కువసార్లు ఎదురైనవి ఇక్కడ రాస్తున్నాను.

కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

కంటికి కనబడే వస్తువు కంటే దాని వెనకున్న ఆలోచనే అసలు కళ అని నమ్మి చేసే పని. 1960ల్లో ఊపందుకుంది. 1965లో జోసెఫ్ కోసూత్ అనే అమెరికన్ ఆర్టిస్టు ఒక కుర్చీని, ఆ కుర్చీ ఫోటోని, డిక్షనరీలో కుర్చీ అనే మాటకి ఉన్న అర్థాన్ని పక్కపక్కన పెట్టాడు. ఈ మూడింటిలో కుర్చీ ఏది? ఆ ప్రశ్నే అక్కడ కళ. 1967లో సోల్ లెవిట్ అనే మరో అమెరికన్ ఆర్టిస్టు ఈ పద్ధతి గురించి ఒక వ్యాసం రాశాక ఆ పేరు అందరి నోటా పడింది.

పెయింటింగ్ వద్దనుకున్నవాళ్ళు చేసిందే కదా ఇది? మళ్ళీ పెయింటింగ్‌తో సంబంధం ఏమిటి?

చాలామంది ఇలాగే అనుకుంటారు. నేనూ చాలాకాలం అనుకున్నాను. దగ్గరగా చూస్తే సంగతి వేరు. వీళ్ళలో ఎక్కువమంది పెయింటర్లుగా మొదలైనవాళ్ళే. బ్రష్ పట్టుకుని పనిచేస్తుండగా వచ్చిన అనుమానాలే వాళ్ళని ఇటు నడిపించాయి.

మార్సెల్ డ్యూషాంప్‌నే తీసుకోండి. 1917లో మగవాళ్ళ మరుగుదొడ్లలో గోడకి బిగించే మూత్రపాత్రని ఒకటి కొని, దాని మీద వేరే పేరుతో సంతకం చేసి న్యూయార్క్ ప్రదర్శనకి పంపిన మనిషిగా అందరికీ ఆయన తెలుసు. కానీ దానికి ఐదేళ్ళ ముందు, 1912లో, మెట్లు దిగుతున్న మనిషి కదలికనంతా ఒకే కాన్వాసు మీద చూపించిన పెయింటర్ ఆయన. బొమ్మ కంటికి నచ్చితే చాలా, బుర్రకి పని పెట్టక్కర్లేదా అన్నది ఆయన బాధ.

నాకు మాత్రం ఆ మూత్రపాత్ర కంటే 1918లో ఆయన వేసిన ఆఖరి కాన్వాసు ఎక్కువ ఇష్టం. దాదాపు మూడు మీటర్ల పొడవు. సైకిల్ చక్రం నీడ, టోపీ తగిలించే కొయ్య నీడ, వరసగా రంగుల నమూనా ముక్కలు అందులో కనిపిస్తాయి. కాన్వాసు చిరిగినట్టు రంగుతో ఒక చిరుగు వేసి, ఆ అబద్ధపు చిరుగుని నిజం పిన్నీసులతో కుట్టాడు. సీసాలు కడిగే నిజం బ్రష్ ఒకటి కాన్వాసులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మధ్యలో వేలు చూపిస్తున్న ఒక చెయ్యి ఉంది. దాన్ని డ్యూషాంప్ వెయ్యలేదు. డబ్బులిచ్చి ఒక బోర్డు ఆర్టిస్టు చేత వేయించాడు, ఆ ఆర్టిస్టు సంతకం కూడా కింద ఉంచాడు.

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 'దారి ఇటు' అని వేలు చూపించే చేతులు నేను ఎన్ని వేశానో లెక్కలేదు. కిరాణా కొట్లకి, లాడ్జీలకి, టైపు ఇన్‌స్టిట్యూట్లకి. ఆ చెయ్యి ఆధునిక కళలో అంత ముఖ్యమైన చోట ఉందని ఎవరూ నాకు చెప్పలేదు.

నల్ల చదరం, ఉత్త తెల్ల కాన్వాసు... ఇవి మా బాబు కూడా వేస్తాడు కదా మాస్టారూ?

వేస్తాడు. చెయ్యగలగడం ఇక్కడ ప్రశ్న కాదు. కజిమీర్ మాలెవిచ్ తన నల్ల చదరాన్ని 1915లో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో జరిగిన ప్రదర్శనలో ఎక్కడ తగిలించాడో చూడండి. గోడ మధ్యలో కాదు, గది మూలన, పైకప్పు కింద. రష్యన్ ఇళ్ళలో దేవుడి పటం పెట్టే చోటు అది. మన ఇంట్లో దేవుడి గూట్లోంచి పటం తీసి, నల్ల పలక ఒకటి నిలబెడితే మామ్మ ఊరుకుంటుందా? ఆ గొడవే ఆ పని. చదరాన్ని ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు, ఎక్కడ ఉందో చూడాలి. బొమ్మని ఏ ఎత్తులో, ఏ మూల తగిలించాలన్న పెయింటర్ల పాత పట్టింపే ఇక్కడ మొత్తం పనిగా మారింది. తర్వాత వచ్చిన ఇన్‌స్టలేషన్లన్నీ, అంటే వస్తువుల్ని ఒక చోట అమర్చి ఆ చోటునే కళగా చూపించే పనులన్నీ, ఈ పట్టింపు మీదే నిలబడ్డాయని నా అభిప్రాయం.

ఆర్టిస్టు తన చేత్తో వెయ్యకపోతే అది అతని బొమ్మ ఎలా అవుతుంది?

ఇది అడిగినప్పుడల్లా నేను ముగ్గు పిండి డబ్బా తెస్తాను.

'15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు.' సంక్రాంతి ముందు వచ్చే ముగ్గుల పుస్తకాల్లో ఉండే వాక్యం ఇది. తెలిసినవాళ్ళకి ఇంతే చాలు. మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గిస్తూ, పై వరస చుక్కల సందుల్లో కింది వరస పెడుతూ 8 దాకా వెళ్తారు. మొత్తం 169 చుక్కలు. ఆ వాక్యం ఆమదాలవలసలో ఒకావిడ చదివినా, బొబ్బిలిలో ఇంకొకావిడ చదివినా అదే అల్లిక వస్తుంది. కానీ ఒకావిడ గీత సన్నంగా వస్తుంది, ఇంకొకావిడది లావుగా వస్తుంది. ముగ్గు ఎవరిది? పుస్తకంలో వేసినవాళ్ళదా, వాకిట్లో వేసినావిడదా?

సోల్ లెవిట్ గోడ బొమ్మలు సరిగ్గా ఇలాంటివే. ఆయన సూచన రాస్తాడు, గోడ మీద వేరేవాళ్ళు గీస్తారు. 1971లో బోస్టన్‌లోని ఒక ఆర్ట్ స్కూలు కోసం రాసిన సూచన ఇది: గోడ మీద గట్టి పెన్సిల్‌తో 50 చుక్కలు ఇష్టం వచ్చిన చోట పెట్టండి, కానీ గోడంతా సమానంగా పరుచుకునేలా చూడండి, తర్వాత ప్రతి చుక్కనీ మిగతా అన్ని చుక్కలతో తిన్నటి గీతలతో కలపండి. లెక్క వేస్తే 1,225 గీతలు.

మా పిల్లలతో ఇది చేయించాను, గోడ చాలక 20 చుక్కలతో. 190 గీతలకే సాయంత్రమైంది. అప్పుడు తెలిసింది, సూచనలో ఎంత తిరకాసు ఉందో. 'ఇష్టం వచ్చిన చోట' అంటాడు, మళ్ళీ 'సమానంగా' అంటాడు. రెండూ ఎలా కుదురుతాయి? పిల్లలు చుక్క పెట్టడానికే అరగంట వాదించుకున్నారు. ఆ వాదన వల్లే ఆ గోడ నాకు ఇప్పటికీ గుర్తుంది.

1968లో లెవిట్ మొదటి గోడ బొమ్మ వేశాక, ప్రదర్శన అయిపోగానే దాని మీద రంగు కొట్టేశారు. మన ముగ్గు మీద మర్నాడు కళ్ళాపి పడ్డట్టే. సూచన ఉన్నంతకాలం బొమ్మ మళ్ళీ వస్తుంది. 2007లో ఆయన పోయాక, 2008లో అమెరికాలోని ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో ఆయన గోడ బొమ్మలు 105 ఇలాగే ఇతరుల చేతులతో వేశారు.

ఒక్క తేడా మాత్రం మరిచిపోకూడదు. లెవిట్ సూచనకి సర్టిఫికెట్ ఉంటుంది, ధర ఉంటుంది. మన అమ్మమ్మల ముగ్గుకి పేరు కూడా లేదు. అది నాకు బాధగానే ఉంటుంది.

తేదీ రాసి గోడకి పెడితే అది పెయింటింగా?

ఓన్ కవారా సంగతి అడుగుతున్నారు. జపాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఈయన 1966 జనవరి 4న మొదలుపెట్టి, 2013 దాకా దాదాపు మూడు వేల తేదీ పెయింటింగులు వేశాడు. ఒకే రంగు నేల మీద తెల్లటి అక్షరాలతో ఆ రోజు తేదీ, అంతే.

బోర్డు రాసినవాడిగా దీని గురించి నేను కాస్త వివరంగా చెప్పగలను. స్టెన్సిల్ లేకుండా, బ్రష్‌తో, అంచు కంపించకుండా అక్షరం రాయడం ఎంత కష్టమో రాసినవాళ్ళకే తెలుసు. ముందు నేల రంగు నాలుగైదు కోటింగులు వెయ్యాలి, ప్రతి కోటింగూ ఆరాలి, మధ్యలో బ్రష్ గీతలు కనపడకూడదు. మేమైతే నీలిమందు పూసిన దారాన్ని రెండు వైపులా పట్టి లాగి వదిలేవాళ్ళం. ఆ నీలం గీతల మధ్య అక్షరాలు నిలబడేవి. సున్నా గుండ్రం రావాలంటే ఊపిరి బిగపట్టాల్సిందే. ఎనిమిది పై పొట్ట కింది పొట్ట కంటే చిన్నదిగా ఉండాలి. సమానంగా రాస్తే పైది పెద్దదిగా కనపడి, అక్షరం తలకిందులైనట్టుంటుంది.

ఇంత పని ఒక్క రోజులో పూర్తి కావాలి. అర్ధరాత్రి దాటితే కవారా ఆ కాన్వాసుని ధ్వంసం చేసేసేవాడు. పూర్తయినదానికి అట్టపెట్టె చేసి, చాలాసార్లు ఆ రోజు పేపర్ ముక్క అందులో పెట్టేవాడు. తాను ఏ దేశంలో ఉంటే తేదీని ఆ దేశం భాషలో రాసేవాడు, మన లాంటి వేరే లిపి ఉన్నచోట మాత్రం ఎస్పెరాంటో అనే కల్పిత అంతర్జాతీయ భాషలో.

అంటే ఒక మనిషి ఒక రోజు బతికి ఉన్నాడని చెప్పడానికి ఆ రోజంతా ఖర్చుపెట్టాడు. ఫోటో తీసి తేదీ ముద్రించి ఉంటే క్షణంలో అయిపోయేది. అప్పుడు ఆ మాటకి బరువే ఉండేది కాదు. కోటింగ్ ఆరే సమయమే ఈ పనిలో అసలు సరుకు.

ఇదే దారిలో వెళ్ళిన ఇంకొకరు రోమన్ ఒపాల్కా. 1965లో వార్సాలో 1 నుంచి అంకెలు వేయడం మొదలుపెట్టి, 2011లో పోయేనాటికి 56 లక్షల 7 వేలు దాటాడు. 1972 నుంచి ప్రతి కొత్త కాన్వాసు నేల రంగులో కొంచెం తెలుపు ఎక్కువ కలుపుతూ వెళ్ళాడు. చివరి రోజుల్లో తెలుపు మీద తెలుపు.

బొమ్మని చెరిపెయ్యడం, తగలబెట్టడం కూడా కళేనా?

ఎవరు చెరిపారు, ఎందుకు చెరిపారు అన్నదాన్ని బట్టి.

కొన్నేళ్ళ క్రితం ఒక స్కూలు ప్రహరీ మీద నేను, మరో ఇద్దరు కలిసి పందొమ్మిది రోజులు బొమ్మలు వేశాం. నాగావళి ఒడ్డు, బట్టలుతికేవాళ్ళు, వల విసిరేవాళ్ళు. ఒక పెద్దాయన పరిశీలనకి వస్తున్నారని ముందురోజు రాత్రి గోడంతా సున్నం కొట్టించేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే సున్నం ఇంకా తడిగా ఉంది. ఒకచోట పల్చగా పడి వల అంచు నీలంగా కనిపిస్తోంది. దాన్ని నేను కళ అనను. అది మాకు జరిగిన అన్యాయం.

1953లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే కుర్ర అమెరికన్ ఆర్టిస్టు చేసింది వేరు. అప్పటికే పేరున్న పెయింటర్ విల్లెమ్ డి కూనింగ్ దగ్గరికి వెళ్ళి, మీ బొమ్మ ఒకటివ్వండి, చెరుపుతాను అని అడిగాడు. ఆయన ఆలోచించి, పోతే తనకి బాధ కలిగే బొమ్మనే, సులువుగా చెరగనిదాన్నే వెతికి ఇచ్చాడు. రౌషెన్‌బర్గ్ ఎన్నో రబ్బర్లు అరగదీసి చెరిపి, ఫ్రేము కట్టించాడు. ఇప్పటికీ ఆ కాగితం మీద గీతల మచ్చలు కనిపిస్తాయి. అడిగి, ఇచ్చి, ఓపికగా చేసిన పని అది. అందులో గౌరవం ఉంది.

అమెరికన్ ఆర్టిస్టు జాన్ బాల్డెస్సరి 1970లో తన సొంత పెయింటింగులనే, 1953 నుంచి 1966 దాకా వేసి తన దగ్గర ఉన్నవాటిని, శాన్ డియేగోలో శవదహనశాలకి తీసుకెళ్ళి కాల్చాడు. బూడిదని పుస్తకం ఆకారంలో ఉన్న కంచు పాత్రలో పెట్టాడు. అంత్యక్రియలు చేశాడంటే ఆ బొమ్మలకి ప్రాణం ఉండేదని ఒప్పుకున్నట్టే కదా. పనికిరానివనుకుంటే చెత్తలో పడేసేవాడు.

మన దేశంలో ఈ దారిలో వెళ్ళిన పెయింటర్లు ఉన్నారా?

ఉన్నారు. మద్రాసు ఆర్ట్ స్కూలుకి ప్రిన్సిపాల్‌గా ఉండి, 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని నెలకొల్పిన కె.సి.ఎస్. పణికర్ 1963 నుంచి 'మాటలు, గుర్తులు' అనే వరస వేశాడు. జాతక చక్రాల్లాంటి గళ్ళు, లెక్కల్లాంటి అంకెలు, చదవబోతే చదవడానికి రాని అక్షరాలు. చదవలేని రాత కూడా చూడటానికి ఎంత నమ్మకంగా ఉంటుందో ఆ బొమ్మల్లో తెలుస్తుంది. ఆయన్ని ఎవరూ కాన్సెప్చువల్ ఆర్టిస్టు అనరు. అయినా పిల్లలకి మొదట ఆయన్నే చూపిస్తాను.

వివాన్ సుందరం పెయింటర్. 1991 గల్ఫ్ యుద్ధం సమయంలో రంగుకి బదులు ఇంజన్ ఆయిల్ వాడి కాగితాల మీద పనిచేశాడు. ఆయిల్ కోసం జరిగిన యుద్ధాన్ని ఆయిల్‌తోనే వెయ్యడం. తర్వాత ఇన్‌స్టలేషన్లకి వెళ్ళాడు. అతుల్ డోడియా దుకాణాల ఇనుప షట్టర్ల మీద బొమ్మలు వేశాడు. షట్టర్ ఎత్తితే లోపల మరో బొమ్మ. బంద్ రోజున మన జీటీ రోడ్డు మీద నడిచినవాళ్ళకి దించిన షట్టర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

సవర బొమ్మలు కూడా కాన్సెప్చువల్ ఆర్టేనా?

కాదు, అలా పిలవకండి. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ వాళ్ళ పూజలో భాగం. పెద్దల ఆత్మలకీ దేవతలకీ అదొక ఇల్లు. ఆ ఇంట్లో ఏమేం ఉండాలో కలలో తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. బొమ్మ అందంగా ఉందా అని కాదు, వచ్చేవాళ్ళకి సరిపోయిందా అని చూస్తారు.

ఆలోచన ముందు, చెయ్యి తర్వాత అన్న విషయంలో పోలిక కనిపిస్తుంది, నిజమే. ఆ పోలిక చెప్పి ఆగిపోవాలి. న్యూయార్క్‌లో 60 ఏళ్ళ కింద పుట్టిన పేరు తెచ్చి వాళ్ళ గోడకి అంటించడం మర్యాద కాదు. ఇప్పుడు ఆ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. మీరు వెళ్తే ముందు అడిగి ఫోటో తీయండి.

బొమ్మ వెయ్యడం రాకుండా నేరుగా కాన్సెప్చువల్ ఆర్ట్ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. నేను మాత్రం ఆర్నెల్లు బొమ్మలు వేయించాకే ఆ ఊసు ఎత్తుతాను. చూడటం నేర్పేది బొమ్మే. ఒక ఇత్తడి చెంబుని మూడు గంటలు చూసి వేసిన పిల్లకి, ఆ తర్వాత ఖాళీ గదిలో చెంబు ఒక్కటే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

మా అమ్మాయి బొమ్మలు మానేసి సీసాల్లో నీళ్ళు పోగేస్తోంది. ఏటి మాస్టారూ ఇది?

ఈ ప్రశ్న అడిగిన తండ్రి చాలా టెన్షన్‌తో వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి ఆ అమ్మాయి పని చూపించాను.

వాళ్ళది ఉద్దానం ప్రాంతంలోని కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలని కుంగదీసిందో ఇక్కడ అందరికీ తెలుసు, ఖచ్చితంగా ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. ఆ అమ్మాయి పన్నెండు ఊళ్ళ బోర్ల నీళ్ళు పట్టుకొచ్చింది. ఒకే రకం కాగితం, ఒకే నీలం రంగు, ఒకే బ్రష్, ఒకే కొలత. ఒక్కో కాగితం మీద ఒక్కో ఊరి నీళ్ళతో ఒక్క వాష్, అంటే పల్చటి రంగు పూత, వేసింది. మరేమీ వెయ్యలేదు. కింద పెన్సిల్‌తో ఊరి పేరు.

ఆరాక వరసగా పెట్టి చూశాం. ఒకదాంట్లో రంగు సాఫీగా పరుచుకుంది. ఒకదాంట్లో గింజలు గింజలుగా విడిపోయింది. ఇంకోదాని అంచున తెల్లటి గీత కట్టింది, ఉప్పు చార లాగా. నేను ఆ కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశాను. ఈ మరకలు జబ్బు గురించి ఏమీ నిరూపించవని ఆ అమ్మాయి తనే ఒక చీటీ రాసి పక్కన పెట్టింది. అది నాకు అన్నిటికంటే నచ్చింది.

ఆ తండ్రికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. వాటర్ కలర్ వాష్ తడి ఆరకుండా సాఫీగా లాగడం రెండేళ్ళు నేర్చుకుంది కాబట్టే, రంగు విరిగినప్పుడు అది తన చెయ్యి తప్పు కాదు, నీళ్ళ తేడా అని ఆమె చెప్పగలిగింది. బొమ్మలు మానేసిందని ఎలా అంటాం?

ఇలాంటివి చూడటానికి ఎక్కడికి వెళ్ళాలి?

పెద్దవి చూడాలంటే కొచ్చి బియెన్నాలే, అంటే రెండేళ్ళకోసారి అని పెట్టుకున్న పెద్ద కళా ప్రదర్శన. 2012 డిసెంబర్‌లో మొదలైంది. విశాఖలో రైలెక్కితే వెళ్ళిపోవచ్చు, స్లీపర్ టికెట్ చాలు.

దానికి ముందు శ్రీకూర్మం వెళ్ళండి. గుడి మండపం గోడల మీద సహజ రంగులతో వేసిన పాత బొమ్మలున్నాయి, చాలా చోట్ల వెలిసిపోయాయి. ఒకచోట నిలబడితే అన్నీ కనపడవు. ప్రదక్షిణ చేస్తూ నడవాలి, నడుస్తుంటే కథ సాగుతుంది. స్తంభం అడ్డొస్తుంది, వెలుతురు మారుతుంది, ముందు చూసింది గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. ఇన్‌స్టలేషన్ గురించి నేను గంట చెప్పేది అక్కడ పది నిమిషాల నడకలో అర్థమవుతుంది.

ఇందులో డబ్బు వస్తుందా?

తొందరగా రాదు. లెటరింగ్, డిజైన్, టీచింగ్ లాంటి పని ఒకటి చేతిలో ఉంచుకోండి.

మా నాన్న బోర్డులు రాసేవారు. ఫ్లెక్స్ వచ్చాక పని పోయింది. ఈ కొత్త కళలో అలాంటివాళ్ళకి చోటుందా?

ఉంది. ఈ ప్రశ్న అడిగిన కుర్రాడితో పాటు నాకూ ఇది ముఖ్యమైన ప్రశ్న.

బాల్డెస్సరి తన బొమ్మలు కాల్చకముందే, 1966 నుంచి 1968 మధ్య, కాన్వాసుల మీద ఉత్త వాక్యాలు పెట్టాడు. తన చేత్తో రాయలేదు. కాన్వాసు వేరేవాళ్ళు బిగించారు, అక్షరాలు బోర్డు ఆర్టిస్టులు రాశారు. అందమైన అక్షరాలు వద్దు, సమాచారం చెప్పే మామూలు అక్షరాలు కావాలన్నాడు. 1969లో ఇంకో అడుగు వేశాడు. ఒక మిత్రుడు వీధుల్లో వస్తువుల్ని వేలితో చూపిస్తుంటే ఫోటోలు తీసి, ఆ వేలుని సెలవు రోజుల్లో బొమ్మలు వేసుకునే మామూలు మనుషుల చేత పెయింట్ చేయించాడు. కింద వేసినవాళ్ళ పేరు బోర్డు ఆర్టిస్టు చేత రాయించాడు. డ్యూషాంప్ ఆఖరి కాన్వాసులో ఉన్న ఆ చూపుడువేలే 51 ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది.

ఆ కుర్రాడిని, నాన్నగారిని ఒకసారి డాబా మీదకి తీసుకురమ్మన్నాను. వచ్చారు. కుర్రాడు ఒక జాబితా తెచ్చాడు. వాళ్ళ నాన్న రాసిన దుకాణాల పేర్లు, ఇప్పుడు ఫ్లెక్సుల కింద ఉన్నవి, అసలు మూతపడినవి, మొత్తం నలభై ఒకటి. ఒక్కో పేరు ఒక్కో రేకు మీద, అప్పటి రంగుల్లోనే మళ్ళీ రాయాలని కుర్రాడి ఆలోచన. పెద్దాయన చదివి, మూడో పేరు దగ్గర ఆగి, "ఇది పసుపు కాదురా, ఎరుపు మీద తెలుపు, నల్ల నీడ" అన్నారు. తర్వాత సంచిలోంచి పాత ఫ్లాట్ బ్రష్ తీసి, కిరసనాయిల్‌లో ముంచి, బిగుసుకుపోయిన వెంట్రుకల్ని బొటనవేలితో మెల్లగా విడదీయడం మొదలుపెట్టారు. ఇప్పటికి పదహారు రేకులు అయ్యాయి.